కాగితం ప్రకారం పెద్దమ్మ

జూన్ 14

చెల్లీ,

మా పిల్ల చిటపట ఈపాటికి నీ ఇంటికి చేరి, పెట్టె సర్దేసుకుని ఉంటుంది. దాని భాషలో సర్దడమంటే మంచం కిందికి తోసెయ్యడం. నువ్వు వంగి చూడకు, చూస్తే నీ మనసు పాడవుతుంది.

చేరిందని ఫోన్ చెయ్యకు. నూలు మిల్లు నా చెవుల్ని మింగేశాక ఫోన్లో ఎవరు మాట్లాడినా డబ్బాలో దూరిన తుమ్మెద మాదిరే ఉంటుంది. నేను దేనికో ఒకదానికి "ఊఁ" అని పెట్టేస్తాను, నువ్వు ఒప్పుకున్నాననుకుంటావు. ఉత్తరం రాయి. ఉత్తరమైతే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటాను.

దాని సంగతులు కొన్ని చెబుతాను, గుర్తుపెట్టుకో. ఆకలికి ఆగలేదు. వీధి మొదట్లోనే "ఆకలి, ఆకలి" అని మొదలుపెట్టి, మెట్లెక్కేసరికి ఇల్లు పీకి పందిరి వేస్తుంది. తడి తువ్వాలు కుర్చీ మీదే పడేస్తుంది. తిట్టు, ఏమీ అనుకోదు. నన్ను పిలవాలంటే మాత్రం గుమ్మంలోంచి నేల మీద రెండుసార్లు కాలు కొడుతుంది. సైకిల్ షాపు మీద మాది చెక్క నేల కదా, కుట్టుమిషను దగ్గర కూర్చున్న నా అరికాళ్ళకి తెలుస్తుంది, తల తిప్పి చూస్తాను. నడక వచ్చినప్పటినుంచీ అది నన్ను పిలిచే తీరు అదే. నీ చెవులు బంగారం కాబట్టి నీకు ఆ బాధ లేదు. అలవాటు పోయేదాకా ఓర్చుకో.

మీ బావ పోయి, మిల్లు మూతపడి, ఊళ్ళో వాళ్ళ ప్యాంట్లకి జిప్పులు మార్చుకుంటూ బతుకుతున్న దాన్ని, వంతెనలు కట్టే చదువు నేనెక్కడ చదివించగలను? మీ కళ్ళద్దాల కంపెనీ తన ఉద్యోగుల పిల్లలకి కాలేజీ ఫీజు కడుతుందని నువ్వు రాసినప్పుడు, "నీకు పిల్లలేరే పిచ్చిదానా" అని నవ్వాను. కాసేపటికి నీ ఉద్దేశం అర్థమై నవ్వు ఆగిపోయింది. కోర్టులో జడ్జిగారు, బిడ్డని చెల్లెలికి ఇష్టపూర్వకంగానే దత్తత ఇస్తున్నారా అని అడిగారట. నాకు వినపడలేదు. మళ్ళీ అడిగారట. అప్పుడు చిటపట నా పక్కన నిలబడి రెండుసార్లు కాలు కొట్టింది. దాని మొహం చూసి, "ఇస్తున్నానండీ" అన్నాను. అది పిలిస్తేనే అన్నాను చూడు, అదీ నా గొప్పతనం.

దానికి చెప్పవలసినవన్నీ చెప్పే పంపాను. మీ కంపెనీ నిబంధనల కాగితం అక్షరం అక్షరం చదివాను. "ఉద్యోగి ఇంట్లో, ఉద్యోగి బిడ్డగా ఉండాలి" అని ఉంది. అలాగే ఉంటుంది. దానివల్ల నీ ఉద్యోగానికి మాట రాదు.

బస్సు కదిలినప్పుడు అమ్మ ఏడవలేదని అది నీతో చెప్పే ఉంటుంది. నిజమే. బస్సు మలుపు తిరిగాక ఏడ్చాను. సైకిల్ షాపాయన టీ తెచ్చి ఇస్తే తాగి పైకి వచ్చాను. మా గది ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

నీ అక్క


జూలై 3

అక్కా,

నువ్వు రాసిన పిల్లా, నా ఇంటికి వచ్చిన పిల్లా ఒకతేనా? దారిలో ఎవరైనా మార్చేశారేమో కనుక్కో. తువ్వాలు మడిచి తీగ మీద వేస్తుంది. పెట్టింది తిని, కంచం కడిగి బోర్లిస్తుంది. ఆకలి అన్న మాట దాని నోట నేనింతవరకూ వినలేదు. ఇంత బుద్ధిమంతురాలి మీద అన్ని చాడీలు రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఒక్క కాలు కొట్టడం మాత్రం నిజం. గదిలోకి వచ్చి రెండుసార్లు కొట్టి, నేను ఉలిక్కిపడేసరికి నాలిక కరుచుకుంటుంది. మా కింది ఇంట్లో రిటైరైన సంగీతం మాస్టారు ఉంటారు. ఆయన వెంటనే చీపురు కర్రతో తన పైకప్పుని పొడుస్తారు. నిన్న మెట్ల మీద కనపడి, "అమ్మాయి కొట్టడం బాగానే ఉంది కానీ తాళం తప్పుతోందండీ" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియక దండం పెట్టి వచ్చేశాను.

కాలేజీలో చేరింది. ఫీజు కంపెనీ నేరుగా కట్టేసింది. నేను ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, చదువు అయ్యేదాకా కడుతుంది. నేను రోజంతా దీపం ముందు కళ్ళద్దాలు పట్టుకుని వాటి మీద గీతలు వెతుకుతాను కదా, ఇన్నేళ్ళకి ఆ పనికి ఒక అర్థం వచ్చినట్టుంది. పక్క బల్లల ఆడవాళ్ళు పిల్లల కాలేజీల గురించి మాట్లాడుకుంటుంటే ఎప్పుడూ తల వంచుకుని పని చేసుకునేదాన్ని. ఇప్పుడు నేనూ రెండు మాటలు వేస్తున్నాను. కొంచెం ఎక్కువే వేస్తున్నానేమో కూడా.

ఇంకొకటి రాయాలి. రాయాలా వద్దా అని కలం మూసి మళ్ళీ తెరిచాను. మొన్న షిఫ్టు అయి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. లోపలినుంచి "అమ్మా, వచ్చారా?" అంది. నా వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేను అడగలేదక్కా, ఒట్టు. పిన్నీ అని పెరిగిన పిల్ల, పిన్నీ అనే అంటుందనుకున్నాను. దానంతట అదే అంది. నలభై దాటిన దాన్ని, ఆ మాట నన్నెవరూ అనగా వినలేదు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

నీకు కష్టంగా ఉంటుందేమో. కానీ నాకు సంతోషం కలిగితే నీకు కాక ఎవరికి చెప్పుకోను?

నీ చెల్లి


జూలై 16

చెల్లీ,

మంచిదే. పిలవనీ. సంతకం పెట్టింది నేనే కదా, నాకెందుకు కష్టం? నువ్వు సంతోషంగా ఉంటే నాకంతే చాలు. "మీరు" అంటోందా? నన్నెప్పుడూ అనలేదులే, అందుకని అడిగాను.

ఇక్కడ విశేషాలు ఏముంటాయి. నిన్న ఒక పెద్దమనిషి జిప్పు ఇరుక్కుపోయిన ప్యాంటుతో వచ్చాడు. చేతిలో పట్టుకుని కాదు, వేసుకునే వచ్చాడు. పైకీ పోదు, కిందికీ రాదు, బ్యాంకులో ముఖ్యమైన పని ఉందట. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, నేను గోడ వైపు చూస్తూ చేతులతో తడుముకుని కత్తిరించాను. ఇద్దరికీ చెమటలు పట్టేశాయి. చిటపట ఉంటే వారం రోజులు నవ్వేది. నేను ఒక్కదాన్నే నవ్వాను. ఒక్కదాన్నే నవ్వితే నవ్వు తొందరగా అయిపోతుంది.

దానికి రాసిన కాగితం విడిగా మడిచి ఇందులోనే పెట్టాను, ఇవ్వు. బయటివాళ్ళ ముందు జాగ్రత్తగా ఉండమని చెప్పు. కాలం మంచిది కాదు.

నీ అక్క


సెప్టెంబర్ 21

అక్కా,

మన అమ్మాయి ఎలా ఉందో చూస్తే నువ్వు గుర్తుపట్టవు. కాలు కొట్టడం పూర్తిగా మానేసింది. పిల్లినడకలు నడుస్తోంది. మాస్టారు కూడా మొన్న, "ఏమండీ, అమ్మాయి ఊళ్ళో లేదా?" అని అడిగారు. కాలేజీలో సన్నటి పుల్లలతో వంతెన కట్టించి, విరిగేదాకా దాని మీద ఇటుకలు పేరుస్తారట. అందరికంటే ఆఖర్న విరిగింది మన దానిదే. ఫ్యాక్టరీ అంతా చాటింపు వేశాను. మా సూపర్‌వైజరు, "అమ్మా, ముందు చేతిలో ఉన్న అద్దం చూడు" అన్నాడు.

ఇప్పుడు ఇంకో మాట. నువ్వు కోప్పడినా సరే, అడుగుతాను. దానికి నువ్వు రాసే ఉత్తరాలకి అది జవాబు రాయడం లేదని నాకు తెలుసు. రాయమని చాలాసార్లు చెప్పాను. "రాస్తానమ్మా" అంటుంది, అంతే. నిన్న బల్ల తుడుస్తుంటే నీ ఉత్తరం తెరిచే ఉంది. చదవాలని చదవలేదు, కింది వరస కళ్ళలో పడింది. "ఇట్లు, మీ పెద్దమ్మ" అని ఉంది.

పెద్దమ్మా? కన్న కూతురికి పెద్దమ్మవా నువ్వు? అది నన్ను అమ్మా అంటోందని రాశాననే కదా ఇదంతా? కోపం ఉంటే నన్ను తిట్టు, ఉత్తరం నిండా తిట్టు, పడతాను. "మంచిదే, పిలవనీ" అని నాకు రాసి, వెనకనుంచి పిల్ల మనసులో ముల్లు గుచ్చడం ఏం న్యాయం? నేను దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోలేదు.

రాశాక నాకే బాధగా ఉంది. అయినా చింపకుండా పంపుతున్నాను.

నీ చెల్లి


అక్టోబర్ 9

చెల్లీ,

నేనెలా సంతకం పెడితే ఎవరికి మంచిదో నాకు తెలుసు. కాగితం ప్రకారం నువ్వు అమ్మవైతే, నీకు అక్కనైన నేను దానికి పెద్దమ్మనే. ఇందులో ముళ్ళూ లేవు, రాళ్ళూ లేవు. నీకు అర్థం కాకపోతే పోనీ, దాని చదువు సాగితే చాలు.

అది సరే. కాలు కొట్టడం మానేసిందా? ఎప్పటినుంచి? మాస్టారు విసుక్కుంటున్నారని మానేసిందా, తనకు తానే మానేసిందా? నువ్వేదో శుభవార్త రాసినట్టు రాశావు. మిగతా ఏం రాయకపోయినా ఈ ఒక్కటీ రాయి.

నీకు తెలియదు కానీ, అది నన్ను అమ్మా అనగా నేను చెవులతో విని చాలా ఏళ్ళయింది. ఆ మాట నాకు దాని పెదాల మీద కనపడుతుంది, అంతే. నాకు పిలుపంటే ఆ రెండు దెబ్బలే. ఇప్పటికీ నేను చెప్పులు విప్పేసే మిషను ముందు కూర్చుంటాను. కింద షాపులో టైరు పడేసినా తల తిప్పి గుమ్మం వైపు చూస్తాను. చలి మొదలైంది, కాళ్ళకి మేజోళ్ళు వేసుకోమని సైకిల్ షాపాయన రోజూ పోరు పెడతాడు. వేసుకుంటే తెలియదు కదా.

దాన్ని చూడాలని ఉంది. ఇంకెలా రాయాలో నాకు రాదు. ఈ సెలవులకి ఒక్కసారి పంపు.

నీ అక్క


నవంబర్ 24

అక్కా,

సెలవుల్లో కాలేజీలో ఏదో ప్రయోగాల పని ఉందట, రాలేనంది. నువ్వు నిరాశ పడకు. దానికి బదులు నువ్వే రా. డిసెంబర్ మధ్యలో మా కంపెనీ ఏటా ఒక రోజు ఉద్యోగుల కుటుంబాలని ఫ్యాక్టరీ లోపలికి రానిస్తుంది. మేమేం చేస్తామో మా వాళ్ళకి చూపించుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఆ రోజు నేను సెలవు పెట్టి ఇంట్లో పడుకునేదాన్ని. ఈసారి నాకు ఇద్దరున్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు. మాస్టారు కర్రతో పొడిచాక కూడా అది కొట్టేది, కాకపోతే మెల్లగా. జూలై ఆఖర్లో, నువ్వు దానికి రాసిన ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అనుకుంటాను, మానేసింది. ఎందుకో నేను అడగలేదు. అడిగితే చెప్పే పిల్లలా కనపడదు.

మన గొడవ కాసేపు పక్కన పెట్టు. టిక్కెట్టు కొనుక్కుని రా.

నీ చెల్లి


డిసెంబర్ 22

అక్కా,

ఫ్యాక్టరీలో భోజనాల బల్ల మీద వడ్డించినవి వడ్డించినట్టే ఉండగా, మధ్యాహ్నం బస్సుకే ఎందుకు వెళ్ళిపోయావని వారం రోజులుగా నీ మీద పళ్ళు నూరుకున్నాను. ఇప్పుడు పళ్ళు నూరుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు. నిదానంగా చదువు.

ఆ రోజు కంపెనీలో ఫీజుల వ్యవహారం చూసే ఆఫీసావిడ మన దగ్గరికి వచ్చింది కదా. చిటపట నీ భుజం మీద చెయ్యి వేసి, "ఈవిడ మా పెద్దమ్మ" అని గట్టిగా అంది. నువ్వు దాని పెదాల వైపు చూశావు. చూసి నవ్వావు. ఆ నవ్వు చూసి నీకంతా సమ్మతమేననుకున్నాను. తరువాత చూస్తే నువ్వు లేవు.

మొన్న ఆదివారం దాన్ని నిలదీశాను. "మీ అమ్మని పట్టుకుని నలుగురిలో పెద్దమ్మ అంటావా? నీకు నోరెలా వచ్చింది?" అన్నాను. చేతిలో కంచం బల్ల మీద పెట్టేసింది. ఆరు నెలలనుంచి నా ఇంట్లో గొంతు పెంచని పిల్ల, వీధిలోకి వినపడేలా ఏడ్చింది.

"అమ్మే చెప్పింది!" అంది. "నన్ను బస్సెక్కించే ముందు కూర్చోబెట్టి చెప్పింది. పిన్నిని అమ్మా అనాలి. మీరు అనాలి. ఏదీ అడగకూడదు. కంపెనీ వాళ్ళు ఏ గోడ పక్కన నిలబడి వింటారో తెలీదు, నోరు జారితే చదువు పోతుంది, పిన్ని ఉద్యోగం పోతుంది అంది. బయటివాళ్ళ కోసమే కదా అని సరే అన్నాను. తీరా చూస్తే నాకు రాసే ఉత్తరాల్లో కూడా పెద్దమ్మ అయిపోయింది! నా ఒక్కదానికే రాసేదాంట్లో కూడా! అప్పుడర్థమైంది, నన్ను నిజంగానే ఇచ్చేసిందని. ఇచ్చేశాక ఇంక అక్కడికి దేనికెళ్ళాలి?"

సెలవులకి రానన్నది కూడా అందుకే. ప్రయోగాలూ లేవు, పాడూ లేదు. నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఆ అబద్ధం నేను రాశాను.

మర్నాడు పని మానుకుని ఆఫీసావిడ దగ్గరికి వెళ్ళాను. పిల్ల నన్ను అమ్మా అనకపోతే ఫీజు ఆగిపోతుందా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది. "మీ దత్తత కాగితాలు సరిగ్గా ఉన్నాయి, పిల్ల మీ ఇంట్లో ఉంటోంది, మాకంతే కావాలి. ఏమని పిలిస్తే కంపెనీకేంటండీ? మా వాడు నన్ను బాసూ అంటాడు, వాడి ఫీజు కట్టడం లేదా?" అంది.

ఇప్పుడు నా సంగతి. నేను కుళాయి తిప్పి ఏడ్చిన పిలుపు, నువ్వు పెట్టెలో సర్ది పంపిన సరుకు. దానంతట అదే అందని నీకు ఎంత మురిసిపోతూ రాశాను! నువ్వు చదివి ఏమనుకున్నావో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నాకు ఒక్క మాట ముందే చెప్పి ఉండకూడదా, అక్కా?

నీ చెల్లి


జనవరి 7

చెల్లీ,

నా చేత తప్పు ఒప్పించాలని చూడకు. మా మిల్లు క్వార్టర్లలో నువ్వు ఒక్క నెల ఉండి ఉంటే నువ్వూ అలాగే చెప్పి పంపేదానివి. లెక్కలో లేని మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు. తనిఖీవాళ్ళు వస్తున్నారంటే చాలు, మా పక్కింటావిడ వాళ్ళ అత్తగారిని బీరువా వెనక నిలబెట్టి దుప్పటి కప్పేది. ఒకరోజు వాళ్ళు కూర్చుని టీ తాగుతుంటే దుప్పటి తుమ్మింది. ఆ వారమే వాళ్ళు సామాను సర్దుకున్నారు. కంపెనీ అన్నాక చెవులుంటాయనే నేను నేర్చుకున్నాను. కోర్టు కాగితం ఉంటే ఎవరూ తనిఖీకి రారని నాకెవరు చెప్పారు?

నా ఉత్తరం దాని పుస్తకాల్లో ఎక్కడైనా ఎవరి కంటనైనా పడుతుందేమోనని పెద్దమ్మ అని రాశాను. దానికి అర్థమవుతుందిలే అనుకున్నాను. నా కడుపున పుట్టింది కదా, చెప్పకుండానే తెలుసుకుంటుందనుకున్నాను. మొదటిసారి అలా సంతకం చేసిన ఉత్తరం డబ్బాలో వేశాక, వెనక్కి తీసుకుందామని చెయ్యి లోపలికి దూర్చాను. చెయ్యి ఇరుక్కుపోయింది. సైకిల్ షాపాయన వచ్చి గొలుసుకి పోసే నూనె పోసి లాగాడు. చెయ్యి వచ్చింది, ఉత్తరం రాలేదు.

నీకెందుకు చెప్పలేదని అడిగావు. కుళాయి తిప్పి ఏడ్చానని రాశావు చూడు, అది చదివాక నాకు చెయ్యాడలేదు. ఆ మాట నేను నేర్పిందే అని రాస్తే నీ దగ్గర ఏం మిగులుతుంది? పిల్లనే ఇచ్చాను, మాట వెనక్కి తీసుకోవడమేమిటి అనుకున్నాను. ఫ్యాక్టరీలో అది పెద్దమ్మ అన్నప్పుడు, శభాష్, నోరు జారలేదు అని నవ్వాను. బస్టాండుకి ఎలా నడిచానో నాకు తెలియదు.

దాన్ని పంపు. నేను సంతకం పెట్టింది కాగితం మీదేనని నా నోటితో చెప్పాలి. వస్తుందా? నాకు భయంగా ఉంది.

నీ అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

ఇవాళ బస్సెక్కించాను. నీ ఉత్తరం దాని చేతికే ఇచ్చి చదవమన్నాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది. "వెళ్తావా?" అంటే తల ఊపింది.

ఆ ఆదివారం తరువాత అది నన్ను ఏ పిలుపూ పిలవడం లేదు. అమ్మా లేదు, పిన్నీ లేదు. ఎదురుగా వచ్చి నిలబడి నేను చూసేదాకా ఆగుతుంది. నేనూ ఏమీ అడగలేదు. ఏది అడిగినా మళ్ళీ ఎవరో నేర్పినట్టే అవుతుంది కదా.

తిరిగి రానంటే బలవంతపెట్టకు. ఈ ఇంట్లో ఉండకపోతే కంపెనీ ఫీజు ఆపేస్తుంది, వంతెనలు అక్కడితో ఆఖరు, అది మనిద్దరికీ తెలుసు. నా బాధ ఆ ఒక్కటే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాయను. షిఫ్టు అయి వస్తూ వీధిలోంచే మా కిటికీ చూసుకోవడం నాకు అలవాటైంది. లోపల దీపం వెలుగుతుంటే మెట్లు తొందరగా ఎక్కేదాన్ని. ఇవాళ బస్టాండునుంచి వస్తూ కూడా తలెత్తి చూశాను. చీకటిగా ఉంది. మాస్టారు గుమ్మంలో నిలబడి, "ఎప్పుడొస్తుందండీ?" అన్నారు. తెలియదండీ అన్నాను.

నాకు అది కావాలక్కా. నీ దగ్గర్నుంచి లాక్కుని కాదు. ఏమని పిలిచినా సరే, పిలవకపోయినా సరే, ఈ ఇంట్లో తిరుగుతూ ఉంటే చాలు.

నీ చెల్లి


ఫిబ్రవరి 25

చెల్లీ,

చెబుతాను, ఉండు. బస్సెక్కించావని నువ్వు సైకిల్ షాపుకి ఫోన్ చేసి చెప్పించాక, కళ్ళలో వత్తులు వేసుకుని రెండు బస్సులు చూశాను, రాలేదు. ఇంక రాదులే అని పైకి వచ్చి ఒక చలికోటుకి జిప్పు కుడుతూ కూర్చున్నాను. కాళ్ళు నేల మీదే ఉన్నాయి. ముందు ఒకసారి నేల అదిరితే కిందనుంచి ఏదో బండి వెళ్ళిందనుకున్నాను. వెంటనే రెండోది తగిలింది.

నేను తిరగలేదు. ఎందుకో చెప్పనా? ఇంకోసారి కొడుతుందేమోనని. కొట్టింది, ఈసారి కుర్చీ కూడా అదిరింది. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది, సన్నబడి, నా మీద కోపంతో, ముక్కు ఎర్రగా చేసుకుని.

నా ఎదురుగా కూర్చుని, నాకు అందేలా పెదాలు కదిలిస్తూ, "నన్నిచ్చేశావా?" అంది. "పిచ్చిమొహమా, ఫీజు కోసం కాగితం ఇచ్చాను. నిన్ను ఇవ్వడం నా చేతనవుతుందా?" అన్నాను. "మరి ఉత్తరంలో కూడా ఎందుకు రాశావు?" అంది. "భయపడి" అన్నాను. చాలాసేపు నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. ఆ తరువాత లేచి, "ఆకలి" అంది. ఆ జిప్పు పెద్దమనిషి కథ చెబితే మంచం మీద పడి దొర్లింది. నాకూ నవ్వు తొందరగా అయిపోలేదు.

నీ ఉత్తరం దానికి చూపించలేదు. అది నువ్వు నా ఒక్కదానికే రాసుకున్నది. రేపు బస్సెక్కిస్తున్నాను. వస్తావా అని నేను అడగలేదు, పెట్టె తనే సర్దుకుంది. ఈసారి దానికేమీ చెప్పి పంపడం లేదు. నిన్నేమని పిలవాలో చెప్పలేదు, మీరు అనాలో నువ్వు అనాలో చెప్పలేదు. నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. ఏమని పిలుస్తుందో, పిలిచిన రోజే రాయి.

దాని అమ్మ,
నీ అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

ఇవాళే వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. పొయ్యి తగ్గించి గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఎదురు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

తలుపు గోడకి కొట్టుకుంది. పెట్టె దభీమని నేల మీద పడింది. కిందనుంచి మాస్టారు చీపురు కర్రతో పొడిచారు.

"పిన్నీ, ఆకలి!" అంది. "ఏం చేశావు? ఇంతేనా? గుడ్లు లేవా? బస్సులో ఏమీ తినలేదు, చచ్చిపోతున్నాను, త్వరగా పెట్టు."

గుడ్లు ఉన్నవన్నీ వేశాను. నా కంచంలోది కూడా తీసుకుంది. అమ్మా అన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆకలి అని నన్ను అడగలేదక్కా.

ఇప్పుడు పక్క గదిలో బోర్లా పడి నిద్రపోతోంది. తడి తువ్వాలు కుర్చీ మీద ఉంది. నేను తియ్యలేదు, మంచం అంచున కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

నీ చెల్లి